కుర్చీలు సర్దే చేతికి ఓటు ఉందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది, అప్పటి నుంచీ ఇంగ్లండ్‌లోనే ఉంటున్నాం. మా వారు యూదులు. నాలుగేళ్ళ క్రితం ఆయన ఉద్యోగరీత్యా నైరుతి దిక్కున ఒక చిన్న ఊరికి వచ్చి, ఇక్కడి లిబరల్ అనే ఉదార శాఖ యూదు సమాజంలో చేరాం. నలభై కుటుంబాలకు మించి ఉండవు. సొంత భవనం లేదు, క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళ ప్రార్థనాశాల అద్దెకు తీసుకుంటారు. రబ్బీ, అంటే యూదు మతగురువు, నెలకొకసారి వస్తారు, మిగతా వారాలు సభ్యులే ప్రార్థన నడుపుతారు. నేను మతం మారలేదు, మారే ఉద్దేశమూ లేదు. ఇంట్లో వినాయక చవితీ వరలక్ష్మీ వ్రతమూ చేసుకుంటాను. అయినా కుర్చీలు వేయడం, టీలు పెట్టడం, తలుపు దగ్గర నిలబడడం అన్నీ నా వంతుకూ వస్తాయి. ఇప్పుడు నేను అకౌంటెంటును కాబట్టి కోశాధికారిగా ఉండమంటున్నారు. పోయిన నెల ఒక పెద్దావిడ నవ్వుతూనే “మాలో మనిషివి కాకపోయినా ఎంత చేస్తున్నావమ్మా” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వారు విసిగిపోయి, గంటన్నర దూరంలో ఉన్న నగరంలోని పెద్ద సినగాగ్‌కు (యూదు ప్రార్థనాలయానికి) మారిపోదామంటున్నారు. అమ్మాయికి పదకొండేళ్ళు, ఆదివారం బడిలో అయిదుగురే పిల్లలు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా “వాళ్ళలో కలిసిపోయావా?” అని అడుగుతుంది. నేనేం చేయాలి? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో కోశాధికారి పదవి గురించి, మీ వారి విసుగు గురించి, అమ్మాయి చదువు గురించి, మీ పూజ గురించి విడివిడిగా అడిగారు గానీ, నిద్ర పట్టనిది మాత్రం ఒక్క మాట వల్ల. మీ పని వాళ్ళ లెక్కలో ఉంది, మీరు లెక్కలో ఉన్నారో లేదో ఎవరూ చెప్పలేదు. చిన్న సమాజాల్లో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మనిషి అవసరం పడిన చోట ఆ మనిషికి స్థానం కూడా ఉన్నట్టే అందరూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం, ఎవరో ఒకరు ఒక మాట తూలే దాకా. నా సలహా ముందే చెబుతాను: మీ స్థానం ఏమిటో వాళ్ళు కాగితం మీద చెప్పే దాకా లెక్కల పుస్తకం పుచ్చుకోకండి, అడగకుండా మాత్రం ఊరు దాటకండి.

ఈ మాట నేను బయటి నుంచి చెప్పడం లేదు. నేనూ ఇంగ్లండ్‌లోనే యూదుడిని పెళ్ళాడి, మీ సమాజం లాంటిదే ఇంకో చిన్న సమాజంలో ముప్పై ఏళ్ళకు పైగా తిరిగినదాన్ని. నేనూ మతం మారలేదు.

చిన్న సమాజం ఎందుకు అంతగా చేతులు అడుగుతుందో ముందు చూడాలి, లేకపోతే వాళ్ళు మిమ్మల్ని వాడుకుంటున్నారన్న అనుమానం పెరిగిపోతుంది. బ్రిటన్‌లో లిబరల్ యూదు ఉద్యమం 1902లో యూదు మత సమాఖ్యగా మొదలైంది. దాన్ని నిలబెట్టిన వారిలో లిలీ మాంటెగ్యూ అనే ఆవిడ ముఖ్యురాలు. స్త్రీలు రబ్బీలు కావడానికి వీలే లేని ఆ రోజుల్లో ఆవిడ కార్యాలయం నడిపింది, సభలు కూర్చింది, ఉత్తరాలు రాసింది, తరవాత వేదికెక్కి ప్రసంగాలూ చేసింది. 1926లో లండన్‌లో ప్రపంచ ప్రగతిశీల యూదు సంఘం ఏర్పడడం వెనుకా ఆవిడ చేయి ఉంది; లిబరల్, రిఫార్మ్ లాంటి ఉదార శాఖలన్నింటినీ కలిపి ప్రగతిశీల శాఖ అంటారు. రబ్బీ లేకపోయినా మామూలు మనుషులే ప్రార్థన నడపవచ్చునన్నది ఈ శాఖ పునాదిలోనే ఉన్న నమ్మకం. అందుకే మీ ఊళ్ళో నలభై కుటుంబాలు నెలకొక రబ్బీతో నెట్టుకురాగలుగుతున్నాయి, అందుకే ప్రతి మనిషికీ ఏదో ఒక పని తగులుతుంది. పెద్ద సినగాగ్‌లో జీతానికి మనుషులుంటారు. ఇక్కడ కుర్చీలు వేసే చేయి, హీబ్రూ చదివే గొంతు, టీ గిన్నె కడిగే మనిషి ఒకరే కావచ్చు.

ఇదంతా తెల్లవాళ్ళ వ్యవహారమని మీ అమ్మగారు అనుకుంటుంటే ఒక సంగతి చెప్పండి. మన దేశంలో ప్రగతిశీల యూదు సమాజం 1925లోనే బొంబాయిలో మొదలైంది. మొదలుపెట్టినది జెరూషా ఝిరాడ్ అనే డాక్టరు. ఆవిడ మరాఠీ మాట్లాడే బెనె ఇజ్రాయెల్ యూదుల ఆడపడుచు, లండన్‌లో వైద్యం చదివి వచ్చినవారు, 1928 నుంచి 1947 దాకా బొంబాయి కామా ఆసుపత్రికి సూపరింటెండెంటు, 1966లో పద్మశ్రీ అందుకున్నవారు. ఆసుపత్రిలో కాన్పులు చూసే మనిషి ఆ సమాజాన్నీ నిలబెట్టారు. ఆ లెక్కన చూస్తే, ప్రగతిశీల సమాజాల్లో పని ఎప్పుడూ అధికారికంగా స్థానం లేని వాళ్ళ చేతుల మీదుగానే నడిచింది. అలాగని ఆ స్థానం అడగకూడదని కాదు. లిలీ మాంటెగ్యూ అడిగింది కాబట్టే తరవాతి వాళ్ళకు దక్కింది.

ఇప్పుడు ఆ పెద్దావిడ మాట. ఆవిడను నేను సమర్థించను, కానీ ఆవిడ ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో ఊహించగలను. లిబరల్ సమాజాల్లో డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళు చాలామంది ఆర్థడాక్స్ ఇళ్ళ నుంచి, అంటే పాత ఆచారాలు తప్పకుండా పాటించే ఇళ్ళ నుంచి వచ్చినవారే. తాము చేసుకున్న పెళ్ళి వల్లనో, తల్లి యూదురాలు కాకపోవడం వల్లనో ఎక్కడో ఒక చోట “నువ్వు మాలో మనిషివి కాదు” అనిపించుకుని, ఈ చిన్న గూటికి చేరినవారు. తమను గాయపరచిన మాటే తమ నోట వస్తోందని వాళ్ళకు తట్టదు. మా సమాజంలో అలాంటి పెద్దాయన ఒకరు ఉండేవారు, మందుల షాపు నడిపి రిటైరయ్యారు. నన్ను పదేళ్ళ పాటు “మన అతిథి” అని పరిచయం చేసేవారు. పదేళ్ళ అతిథి ఎక్కడైనా ఉంటుందా? నాకు ఒళ్ళు మండేది.

ఒక జనవరి శుక్రవారం మంచు కురిసి, సాయంత్రం ప్రార్థనకు ఆరుగురమే చేరాం. వాళ్ళలో ఇద్దరం యూదులం కాము. ఆ రోజు ఆయన వాళ్ళ అమ్మ పోయిన రోజు. ఇంగ్లీషు తేదీ చెప్పలేదు, శేవత్ అనే యూదు నెల తొమ్మిదో రోజు అని చెప్పారు. మనం ఆబ్దికానికి తిథి చూసుకున్నట్టే వాళ్ళూ చాంద్రమాన దినం చూసుకుంటారు. మనకు అధికమాసం వచ్చినట్టే వాళ్ళకూ పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. పోయినవారి కోసం చదివే కద్దిష్ అనే ప్రార్థన అరామిక్ భాషలో ఉంటుంది, అందులో చావు ఊసే ఉండదు, దేవుడి స్తుతి తప్ప. దాన్ని ఒంటరిగా చదవరు, ఆమేన్ చెప్పే వాళ్ళు ఉండాలి. ఆర్థడాక్స్ వాళ్ళకు పదిమంది మగవాళ్ళు లేనిదే కుదరదు. ప్రగతిశీలులు ఆడవాళ్ళనూ లెక్కిస్తారు. లిబరల్ వాళ్ళు పది అన్న సంఖ్యనే పట్టుబట్టరు. ఆ రాత్రి ఆయన లేచి, చుట్టూ చూసి, ఒక్క క్షణం ఆగారు. మమ్మల్ని లెక్కపెడుతున్నారని నాకు తెలిసింది. చదివారు. ఆమేన్ చెప్పవలసిన చోటల్లా అయిదుగురమూ చెప్పాం. తరవాత కోటు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చి, “రోడ్లు బాగా లేవు, జాగ్రత్తగా వెళ్ళమ్మా” అన్నారు. అతిథి అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు. ఆ పెద్దావిడతో కూడా మీకు ఒక రోజు ఇలాంటిది ఎదురుకావచ్చు, కాకపోనూ వచ్చు. దాని కోసం కాచుకుని కూర్చోనక్కరలేదు. మనుషుల మనసు మారడం మన చేతిలో లేదు, నియమావళి మారడం కొంత మన చేతిలో ఉంది.

నియమావళి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పదకొండేళ్ళు కుర్చీలు సర్దిన తరవాత ఒక వార్షిక సమావేశంలో, శుక్రవారం ప్రార్థనలు తగ్గించి శనివారం ఉదయానికి మార్చాలా అన్న తీర్మానం వచ్చింది. అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను. కార్యదర్శి చాలా మర్యాదగా, “క్షమించాలి, మిత్ర సభ్యులకు ఓటు లేదు” అన్నారు. నేను మిత్ర సభ్యురాలినని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు. ఎత్తిన చేయి దించేటప్పుడు ఎటు చూడాలో తెలియలేదు. వంటగదిలోకి వెళ్ళి కప్పులు కడిగాను. ఆ రోజు నా వంతు కూడా కాదు. ఇంటికి వచ్చి మూడు వారాలు మా ఆయనతో సరిగా మాట్లాడలేదు, పాపం ఆయన చేసిన తప్పేమీ లేకపోయినా. తరవాత కమిటీకి ఒక పేజీ ఉత్తరం రాశాను. కోపం ఉన్న మొదటి ప్రతి చింపేసి, ప్రశ్నలు మాత్రమే ఉన్న రెండో ప్రతి పంపాను. పద్నాలుగు నెలలు పట్టింది. చివరికి, సభ్యుల జీవిత భాగస్వాములకు రబ్బీ నియామకం, ఆరాధనా విధానం తప్ప మిగతా అన్నింటిలో ఓటు ఇచ్చారు. ఆ రెండు మినహాయింపులూ నాకు సబబుగానే తోచాయి. నాది కాని ప్రార్థన ఎలా ఉండాలో నేను ఓటు వేయడం నాకే బాగుండదు. అద్దె గురించి, టీ పొడి గురించి, కుర్చీల గురించి మాత్రం నాకు అభిప్రాయం ఉంది.

మీరు నాలా పదకొండేళ్ళు ఆగకండి. కమిటీ అధ్యక్షులకు ఇప్పుడే రాయండి. మీ సమాజంలో యూదేతర జీవిత భాగస్వామిని ఏమని నమోదు చేశారు, పూర్తి సభ్యురాలిగానా, మిత్ర సభ్యురాలిగానా, అసలు నమోదే లేదా? వార్షిక సమావేశంలో ఓటు ఉందా? కమిటీలో ఉండవచ్చునా? అమ్మాయి బాట్ మిట్జ్వా (ఆడపిల్ల మత బాధ్యతలు స్వీకరించే వేడుక) నాడు మీరు ఆమె పక్కన వేదిక మీద నిలబడవచ్చునా, ఏదైనా చదవవచ్చునా? యూదుల ధర్మగ్రంథమైన తోరా చదివే ముందు చెప్పే ఆశీర్వచనాలు యూదులే చెబుతారు, ఎందుకంటే “మమ్మల్ని ఎన్నుకుని మాకు తోరాను ఇచ్చిన” అని అందులో ఉంటుంది, ఆ మాట మీరు చెబితే అబద్ధమవుతుంది. కానీ చాలా చోట్ల యూదేతర తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో కలిసి పైకి వెళ్తారు, ఇంగ్లీషులో ఒక ప్రార్థన చదువుతారు. ఇంకొకటి, అడగడానికి నోరు రానిది: శ్మశానం. యూదు సమాజాల సభ్యత్వ రుసుములో చాలాసార్లు ఖనన పథకం చందా కలిసి ఉంటుంది. మీ వారి పక్కన మీకు చోటుందా? మన వైపు దహనం కదా అని మీరు అనవచ్చు. మీకు ఏది కావాలో తరవాత నిర్ణయించుకోండి, ఏముందో ముందు తెలుసుకోండి. చాలా ప్రగతిశీల సమాజాలు యూదేతర భాగస్వాములకు చోటిస్తున్నాయి, అయితే ఏ శ్మశానానికి ఆ నిబంధన వేరు.

జవాబులు రాతపూర్వకంగా వచ్చాక కోశాధికారి సంగతి ఆలోచించండి. ఈ పని గౌరవప్రదమైనదే, కానీ మీరు అకౌంటెంటు కాబట్టి చెప్పనక్కరలేదు, ఇది కుర్చీలు వేయడం లాంటిది కాదు. ఇంగ్లండ్‌లో సమాజాలు సాధారణంగా ధర్మసంస్థలుగా నమోదై ఉంటాయి. కోశాధికారి ట్రస్టీ కూడా అయితే చట్టరీత్యా బాధ్యత ఉంటుంది. ఓటు లేని మనిషికి ఆ బాధ్యత అప్పగించాలనుకోవడం వాళ్ళు ఆలోచించకుండా చేసిన పని అయి ఉండాలి; మీరు గుర్తు చేస్తే సిగ్గుపడతారు, ఆ సిగ్గు మంచిదే. ఒప్పుకుంటే రెండేళ్ళకని చెప్పి ఒప్పుకోండి, రెండో ఏడాది ఇంకొకరిని పక్కన పెట్టి నేర్పుతానని చెప్పండి. ఆ రెండేళ్ళూ కుర్చీల వంతు, టీల వంతు మీ పేరు మీద ఉండకూడదని కూడా చెప్పండి. చిన్న సమాజాల్లో ఒక పని ఇచ్చినప్పుడు పాతది తీసేయడం ఎవరికీ గుర్తుండదు. ధర్మసంస్థలకిచ్చే విరాళాల మీద గిఫ్ట్ ఎయిడ్ పథకం కింద పౌనుకు 25 పెన్సు పన్ను వాపసు వస్తుంది కదా, అది ఎన్నేళ్ళుగా అడగకుండా వదిలేశారో మొదటి నెలలోనే చూడండి. మా సమాజంలో ఆ పని తెలిసిన మనిషి వచ్చాకే హీటరు మార్చగలిగాం.

మీ వారి విసుగు వేరు. ఆయన పుట్టుకతో సభ్యులు, ఆయనకు స్థానం గురించి సందేహం లేదు, అందుకే ఆయనకు పని బరువు మాత్రమే కనిపిస్తోంది. మీకు ఆ బరువు కంటే ఆ మాట ఎక్కువ బరువుగా ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు వేరు వేరు బాధలతో ఒకే నిర్ణయం తీసుకోబోతున్నారు. నగరంలోని పెద్ద సినగాగ్‌లో ఆయన బాధ తీరుతుంది, ఎవరూ కుర్చీలు వేయమనరు. మీ బాధ తీరదు. అక్కడ మూడు వందల కుటుంబాల మధ్య మీరెవరో ఎవరికీ తెలియదు. అదే నిబంధనలు అక్కడా ఉంటాయి, కాకపోతే వాటిని మీకు గుర్తు చేసేంత దగ్గరగా ఎవరూ రారు.

అమ్మాయి విషయంలో మాత్రం మీ వారి మాటలో నిజం ఉంది. ఆరేళ్ళ పిల్లలకూ పదకొండేళ్ళ పిల్లకూ కలిపి ఒకే గదిలో హీబ్రూ అక్షరాలు నేర్పే ఆదివారం బడి ఎంత ప్రేమగా నడిచినా చాలదు. దానికి ఊరు మార్చనక్కరలేదు. లిబరల్ సమాజాల పిల్లలకు ఎల్‌జేవై-నెట్జర్ అనే యువజన సంస్థ ఉంది, ఏటా కదీమా అనే వేసవి శిబిరం పెడుతుంది. చిన్న ఊళ్ళ నుంచి ఒక్కరొక్కరుగా వచ్చిన పిల్లలు అక్కడ కలుస్తారు. మా అబ్బాయి అలా వెళ్ళిన మొదటి ఏడు, తిరిగి వచ్చాక వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, ఫోనుకే అతుక్కుపోయాడు. తనలాంటి వాళ్ళు ఊళ్ళో అయిదుగురు కాదు, దేశంలో వందల మంది ఉన్నారని తెలియడమే వాడికి కావలసింది. రెండు నెలలకొకసారి నగరంలోని సినగాగ్‌కు అమ్మాయిని తీసుకువెళ్ళడానికి సభ్యత్వం కూడా అక్కరలేదు. ముందుగా ఫోన్ చేసి వస్తున్నామని చెబితే చాలు. చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు తలుపు దగ్గర తెలియని వాళ్ళను ఆపి అడుగుతారు.

అమ్మాయి ఎవరన్నది కూడా ఇప్పుడే స్పష్టంగా మాట్లాడుకోండి. మన ఇళ్ళలో గోత్రం తండ్రిది. సంప్రదాయ యూదు ధర్మంలో పుట్టుక తల్లిది. లిబరల్ వాళ్ళు తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా, బిడ్డను యూదుగా పెంచితే యూదుగానే స్వీకరిస్తారు; అమెరికా రిఫార్మ్ రబ్బీలు 1983లో ఇలాంటి తీర్మానమే చేశారు. ఆర్థడాక్స్ వాళ్ళు ఒప్పుకోరు. రేపు మీ అమ్మాయి ఆర్థడాక్స్ కుటుంబంలో అబ్బాయిని ఇష్టపడితే ఈ సంగతి ఆమె ముందుకు వస్తుంది. ఇజ్రాయెల్‌కు వలస వెళ్ళే హక్కు తండ్రి ద్వారా ఆమెకు ఉంటుంది, అక్కడి రబ్బీల వ్యవస్థలో పెళ్ళి హక్కు ఉండదు. పదహారేళ్ళకు ఎవరో చెబితే తెలుసుకోవడం కన్నా పన్నెండేళ్ళకు మీ నోట వినడం మేలు.

ఇందులో “యూదుగా పెంచితే” అన్న షరతు ఉంది చూశారా, అక్కడే మీ వినాయక చవితి వస్తుంది. ఇక్కడ నేను మీకు ఊరటగా చెప్పగలిగింది తక్కువ. పూజ మీది, ఇల్లు మీది, మిమ్మల్ని ఎవరూ మానమనరు. కానీ యూదు ధర్మం ఎన్ని విషయాల్లో మెత్తబడినా విగ్రహం దగ్గర మెత్తబడలేదు, ప్రగతిశీల శాఖలో కూడా. ఈ సంగతి రబ్బీ దగ్గర దాచకండి. నేను ఆరేళ్ళు దాచాను. మా రబ్బీగారు ఇంటికి వచ్చినప్పుడు దేవుడి అలమర తలుపు మూసేదాన్ని. ఒకసారి మా అబ్బాయే ఆవిడ ముందు తెరిచాడు. ఆవిడ అలమరను కాదు, నన్ను చూశారు, “నా దగ్గర ఇది మూయవలసిన పని లేదు, పిల్లవాడికి మాత్రం రెండింటికీ తేడా చెప్పండి” అన్నారు. పూజ అమ్మది, తనది సబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) దీపాలు అని వాడికి అప్పటి నుంచీ చెబుతూ వచ్చాం. బాగా పెరిగాడు. అందరి ఇళ్ళలో ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఒక చిన్న జాగ్రత్త: నైవేద్యం పెట్టిన పులిహోరను ప్రార్థన తరవాతి కిద్దుష్ బల్ల మీదికి తీసుకువెళ్ళకండి. ద్రాక్షసారం, రొట్టె మీద ఆశీర్వచనం చెప్పి అందరూ తినే బల్ల అది. దేవుడి ముందు పెట్టినది అక్కడ ఉండకూడదు, ఎవరికీ తెలియకపోయినా మీకు తెలుసు కదా. విడిగా కలిపి పట్టుకెళ్ళండి, గిన్నె ఖాళీగా తిరిగి వస్తుంది. పస్కా పండగ వారంలో మాత్రం ముందుగా అడగండి. మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదులు ఆ రోజుల్లో పులిసిన పిండితో పాటు బియ్యం, పప్పులు, ఆవాలు కూడా మానే ఆచారం ఉంది. మన పులిహోరలో బియ్యం, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, వేరుశనగలు, అన్నీ ఆ జాబితాలోవే! వేరుశనగ గురించి మాత్రం వాళ్ళలో వాళ్ళకే తగవుంది. మొదటి ఏడు నేను పెద్ద గిన్నెడు పులిహోరతో పస్కా విందుకు వెళ్తే, బల్ల చుట్టూ ఉన్న సగం మంది దాని వైపు ఆశగానూ సగం మంది భయంగానూ చూశారు. స్పెయిన్, బాగ్దాద్ వైపు మూలాలున్న వాళ్ళు అన్నం తింటారు, ప్రగతిశీలుల్లోనూ చాలామంది ఆ నిషేధాన్ని పట్టించుకోరు. ఆ రాత్రి ఇరాకీ మూలాలున్న ఒకావిడ వరుసగా మూడుసార్లు వడ్డించుకుని నన్ను రక్షించారు.

తలుపు దగ్గర నిలబడే వంతు గురించి మీరు ఎక్కువ రాయలేదు, కానీ దాని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2025 అక్టోబరు 2న, యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోం కిప్పుర్ నాడు మాంచెస్టర్‌లోని హీటన్ పార్క్ సినగాగ్ దగ్గర దాడి జరిగి ఇద్దరు చనిపోయిన తరవాత ఆ వంతు కుర్చీల వంతుతో సమానం కాదు. శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ అక్కడ నిలబెట్టకూడదు. బ్రిటన్‌లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్టు ఆ శిక్షణ ఇస్తుంది. మీకు భయంగా ఉంటే వద్దనండి, కారణం చెప్పనక్కరలేదు. ఇష్టంగా ఉంటే శిక్షణ తీసుకుని నిలబడండి.

మీ ఉత్తరంలో లేని ఒక వస్తువు గురించి చెబుతాను, ఎందుకంటే నేను ఆ సమాజాన్ని వదలకపోవడానికి సగం కారణం అదే. మా తోరా మందసం చక్రాల మీద నడిచే అలమర. ప్రార్థన అయ్యాక దాన్ని నెట్టుకుంటూ వెళ్ళి, అద్దె హాలు వాళ్ళు ఇచ్చిన చిన్న గదిలో, మడత కుర్చీల పక్కన పెట్టి తాళం వేస్తాం. అందులో చేత్తో రాసి, కర్రలకు చుట్టిన తోరా ప్రతులు, అంటే తోరా చుట్టలు, రెండు ఉండేవి. చిన్నది చెక్ దేశానిది. నాజీల కాలంలో బొహీమియా, మొరావియా ఊళ్ళ నుంచి ప్రాగ్‌కు చేరిన చుట్టల్లో 1,564, 1964లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ సినగాగ్‌కు వచ్చాయి. వాటిని బాగుచేసి ప్రపంచమంతటా సమాజాలకు అప్పుగా ఇచ్చారు, ఇప్పటికీ ఇస్తున్నారు. దానం కాదు, అప్పు. ఒక్కొక్కదానికీ ఒక సంఖ్య ఉంటుంది. మా చుట్ట కర్రకు ఆ సంఖ్య ఉన్న బిళ్ళ చిన్న గొలుసుకు వేలాడుతుండేది, నెడుతుంటే కర్రకు తగిలి టక్కుటక్కుమనేది. అది వచ్చిన ఊళ్ళో యూదులు ఇప్పుడెవరూ లేరు. ఏడాదికొకసారి ఆ ఊరి పేరు పైకి చదువుతాం. ఆ అలమర చక్రం ఒకటి సరిగా తిరిగేది కాదు, గుమ్మం దగ్గర ఎత్తి దాటించాలి, ఇద్దరు పట్టాలి. ఎక్కువసార్లు ఆ రెండో మనిషిని నేనే. ఆ పనికి మాత్రం నేను ఓటు అడగలేదు.

మీ సమాజంలోనూ ఏదో ఒక చుట్ట ఉంటుంది, దాని కథ ఎవరికో తెలిసే ఉంటుంది. బహుశా ఆ పెద్దావిడకే. అడిగి చూడండి.

ఇక మీ అమ్మగారి ప్రశ్న. తెనాలి నుంచి చేబ్రోలు ఎంత దూరమో ఆవిడకు తెలియనిది కాదు. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం కుటుంబాలు 1991లో సినగాగ్ కట్టుకుని సబ్బాతు జరుపుకుంటున్నాయి. వాళ్ళది ప్రగతిశీల శాఖ కాదు, వాళ్ళ కథ వేరు. కానీ యూదులంటే మనకు ఎక్కడో ఏడు సముద్రాల అవతలి వాళ్ళన్న మాట గుంటూరు జిల్లాలో చెల్లదు. “కలిసిపోయావా” అంటే, కలిసి ఉన్నానని చెప్పండి. ఇంకా అడిగితే, కమిటీకి ఉత్తరం రాశాననీ, జవాబు రాగానే ఫోన్ చేస్తాననీ చెప్పండి. వార్షిక సమావేశానికి కనీసం రెండు నెలల ముందు ఆ ఉత్తరం వాళ్ళకు చేరాలి. నియమం మార్చాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలని నిబంధన ఉండే ఉంటుంది, ఆ గడువు ఎంతో కార్యదర్శిని ఈ వారమే అడగండి.